చీటీల్లో నేర్చిన చెడ్డ మాటలు

మనుషుల గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయడం, ఎవరో రాసిన నాలుగు వాక్యాలను చదివి వాటి అసలు అర్థం చెప్పడం, ఈ రెండు పనులతోనే నా ఉద్యోగకాలం గడిచిపోయింది. చివరి పాతికేళ్ళూ బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ పర్సనల్ ఆఫీసులో చేశాను. దాని గురించి ఎక్కువ రాయను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి నాకే విసుగు పుట్టించే సంగతులు. పని నేర్చుకున్నది అంతకు ముందు, యుద్ధం రోజుల్లో, అదే ఊళ్ళో, దండులో ఒక చిన్న ఆఫీసులో. బ్రిటిషు సైన్యం ఉండే కంటోన్మెంటును, పాత ఊరైన పేట వాళ్ళం అప్పట్లో దండు అనేవాళ్ళం. నేను కూర్చున్న కుర్చీలాంటి కుర్చీల్లో ఇప్పుడు కొత్తగా కూర్చుంటున్నవాళ్ళు, ఒకరి సర్వీసు పుస్తకంలో ఒక్క ఇంగ్లీషు మాట రాసి సంతకం పెట్టబోయేవాళ్ళు, ఇది చదివితే నాకు తృప్తి.

వరండాలో రెండు బెంచీలు

మా ఇల్లు కాటన్‌పేటలో. నాన్న ఒక జవుళి దుకాణంలో గుమాస్తా. మెట్రిక్ పాసయ్యాక నేనూ అక్కడే చేరతానని అనుకున్నాడు. నాకు ఇంగ్లీషు పిచ్చి. దండులో నౌకర్ల రిజిస్ట్రీ ఒకటి ఉంది, ఇంగ్లీషు చదవగలిగి తెలుగు, కన్నడం, అరవం మాట్లాడగలిగిన గుమాస్తా కావాలట అని ఎవరో చెబితే సైకిలు వేసుకుని వెళ్ళాను.

ఆ రిజిస్ట్రీని నడిపేది మిసెస్ రోజారియో అనే ఆంగ్లో ఇండియన్ విధవరాలు. భర్త రైల్వే గార్డుగా పనిచేసి పోయాడు. బంగళాల్లో వంటవాళ్ళు, బట్లర్లు, ఆయాలు, మాలీలు కావలసిన దొరసానులు ఆవిడకు కబురు పెట్టేవారు. పని కావలసిన వాళ్ళు వరండాలో బెంచీల మీద పొద్దుటి నుంచి కూర్చునేవారు. ఒక బెంచీ మగవాళ్ళకు, ఒకటి ఆడవాళ్ళకు. ప్రతివాళ్ళ దగ్గరా ఒక రేకు డబ్బానో, నూనెగుడ్డ మూటో ఉండేది. అందులో చీటీలు. దొరలు ఊరు మారేటప్పుడు నౌకరు గుణగణాలు రాసి ఇచ్చే కాగితాన్ని చీటీ అనేవారు. ఆ చీటీ మంచిదైతే పని దొరుకుతుంది, కాకపోతే లేదు. చిత్రమేమిటంటే, వాటిని ప్రాణంలా దాచుకునేవాళ్ళలో నూటికి తొంభై మందికి వాటిలో ఏముందో తెలియదు.

నా పని ఆ చీటీలు చదవడం, పుస్తకంలో సారాంశం ఎక్కించడం, ఎవరిని ఏ బంగళాకు పంపాలో మిసెస్ రోజారియోకు చెప్పడం. చీటీ యజమాని అడిగితే అందులో ఏముందో వాళ్ళ భాషలో చెప్పడం కూడా.

ఆవిడ నేర్పిన పద్ధతి

మొదటి వారంలోనే నా ఇంగ్లీషు ఎంతో బయటపడింది. బళ్ళో మాకు నేర్పినవన్నీ మంచి మాటలు. నిజాయితీ, వినయం, శ్రద్ధ, దయ, వీటన్నిటికీ ఇంగ్లీషు నాకు వచ్చు. చెడ్డవాటికి మాత్రం ‘బ్యాడ్’ తప్ప మరో మాట లేదు. చీటీలేమో చెడ్డ మాటలతోనే తేడా చెబుతాయి. మంచి మాటలు అందరికీ ఒకటే రాస్తారు.

మిసెస్ రోజారియో నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. “చెడ్డ మాట కనబడితే ఇందులో రాయి. నిఘంటువులో అర్థం తర్వాత. ముందు నీకు తెలిసిన మనుషుల్లో ఆ మాట ఎవరికి సరిపోతుందో రాయి. ఆ మనిషి ఏం చేశాడో కూడా రాయి. ఎవరూ తట్టకపోతే ఆ మాట నీకు రానట్టే,” అంది. ఆవిడ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ పద్ధతిలో నేర్చుకున్నవి ఈనాటికీ మరచిపోలేదు. ఐడిల్ అంటే పని లేక ఊరికే ఉన్నవాడు, తప్పు అతనిది కాకపోవచ్చు. లేజీ అంటే పని ఉన్నా చేయనివాడు. ఇండొలెంట్ అంటే ఒళ్ళు కదపడమే ఇష్టం లేనివాడు, సుఖానికి అలవాటు పడ్డవాడు. దానికి ఎదురుగా మా పెద్దమామ పేరు రాసుకున్నాను. సల్కీ అంటే అలిగి మూతి ముడుచుకునే మనిషి, సాయంత్రానికి ఆ అలక పోతుంది. అది మా చెల్లెలు. సల్లెన్ అంటే లోపల ఏదో పెట్టుకుని రోజుల తరబడి పలకనివాడు. సర్లీ అంటే పలుకుతాడు గానీ ప్రతి మాటా కసురే. అక్కడ చాలాసేపు ఆలోచించి, చివరికి నాన్న పేరు రాసి, ఆయన చూస్తాడేమోనని కొట్టేశాను. మన పనిదొంగ అన్న మాటకు సరిగ్గా సరిపోయే ఇంగ్లీషు మాట కోసం మిసెస్ రోజారియో, నేను ఒక మధ్యాహ్నమంతా వెతికాం. షర్కర్ అన్నది ఆవిడ. నాకు ఇప్పటికీ పనిదొంగే బాగుంది.

కష్టాలకు కూడా మాటలు నేర్పింది. స్క్రేప్ అంటే మన చేతులారా తెచ్చుకున్న చిక్కు, కాస్త తెలివి ఉంటే జారుకోవచ్చు. ప్రెడికమెంట్ అంటే ఏ వైపు కదిలినా ఇబ్బందే అయిన పరిస్థితి. “రెంటికీ తేడా నీకు ఒకరోజు తెలుస్తుందిలే,” అంది.

మాటకారి బట్లరు

ఒక బట్లరు వచ్చాడు. తెల్లటి తలపాగా, ఇస్త్రీ కోటు, మెత్తని మాట. అతని చీటీలో ‘ప్లాసిబుల్’ అని ఉంది. నాకు తెలియని మాట. వినడానికి గొప్పగా ఉంది కదా, మంచిదే అయి ఉంటుందనుకుని అతన్ని ఒక కర్నలు గారింటికి పంపించాను. నిజానికి ఆ మాటకు అర్థం, విన్నంతసేపూ నిజమే అనిపించేటట్టు మాట్లాడేవాడని.

రెండు నెలల తర్వాత కర్నలు భార్య ఇంకో బంగళాలో విందుకు వెళ్ళి కూర్చుంటే, ఆవిడ ముందు ఆవిడ పింగాణీ పళ్ళాలే వచ్చి పడ్డాయి. విందులప్పుడు బట్లర్లు పక్క బంగళాల నుంచి సామాన్లు ఎరువు తెచ్చుకోవడం దండులో మామూలే. ఇక్కడ మాత్రం ఆ పళ్ళాలు ఎరువు పోయినవి కావు. మెరుగు పెట్టించడానికి పంపానని మా బట్లరు ఆవిడకు చెప్పి, అక్కడ అమ్మేశాడు. అడిగిన ప్రతిసారీ ఆవిడకు నమ్మకం కలిగేలా ఒక కారణం చెప్పాడు.

మిసెస్ రోజారియో నన్ను తిట్టలేదు. ఆ చీటీ నా ముందు పెట్టి, “రాసినవాడు మనకు సరిగ్గానే చెప్పాడు. మనమే చదవలేదు,” అంది. చెడ్డ మాట ప్రతిసారీ అన్యాయమే అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, ఈ బట్లరును గుర్తుంచుకోండి. కొన్నిసార్లు ఆ మాట అక్షరాలా నిజం.

మునెమ్మ

అంత జరిగాక తెలియని ప్రతి మాటనూ నిఘంటువులో చూడడం మొదలుపెట్టాను. అయినా దెబ్బ తిన్నాను. ఈసారి తెలియని మాట వల్ల కాదు, తెలుసనుకున్న మాట వల్ల.

మునెమ్మ మాలూరు వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడే భర్త పోతే దండుకు వచ్చి ఆయాగా కుదురుకుంది. ఒక కెప్టెను గారింట్లో మూడేళ్ళు చేసి, వాళ్ళు ఊరు వదిలి పోతుంటే చీటీ తీసుకుని మా దగ్గరకు వచ్చింది. అప్పుడు మిసెస్ రోజారియో లేదు. కోలారు గనుల్లో ఉన్న చెల్లెలికి జబ్బు చేస్తే రెండు నెలలు అక్కడే ఉండిపోయింది. రిజిస్ట్రీ అంతా నా చేతిలో ఉంది. అందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

చీటీలో ఇలా ఉంది: మునెమ్మ మూడేళ్ళు నా పిల్లలకు ఆయాగా ఉంది. శుభ్రమైన మనిషి, వేళ తప్పదు, ఆర్ట్‌ఫుల్. మేము ఊరు వదిలి వెళ్తున్నాం కాబట్టి పంపిస్తున్నాను.

“ఏమని రాసినాదప్పా దొరసాని?” అని అడిగింది మునెమ్మ.

ఆర్ట్ అంటే కళ. ఫుల్ అంటే నిండుగా. ఇంకేం చూడాలి? “శుభ్రంగా ఉంటావని, వేళకు వస్తావని రాసింది. చేతిలో కళ ఉన్న మనిషివని కూడా రాసింది అక్కా,” అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. “అట్లనా? పోయేటప్పుడు మొకం గంటు పెట్టుకోనుండె. మనసులో మంచిదే ఉండాది చూడు,” అని ఆ చీటీని మడిచి, మిగతా చీటీలన్నిటికీ పైన పెట్టుకుంది.

ఏడు ఇళ్ళు

మొదటి ఇంటి నుంచి తిరిగి వచ్చింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. దొరసానులు వెనక్కి పంపే కాగితం మీద ‘సరిపోదు’ అని మాత్రం ఉండేది. కారణం రాసేవాళ్ళు కాదు. అన్ని చోట్లా ఒకటే జరిగేదని ఆమె చెప్పేది. చీటీ చదువుతారు, ఆమె ముఖం ఒకసారి చూస్తారు, వెళ్ళమంటారు.

పని పోతే బంగళా వెనకాల ఉండే గది కూడా పోతుంది. హలసూరులో ఒక దూరపు చుట్టం ఇంటి పంచలో పడుకునేది. పొద్దున్నే నడిచి వచ్చి బెంచీ మీద కూర్చునేది. మధ్యాహ్నం అందరూ ఏదో ఒకటి తినడానికి లేస్తే ఆమె లేచేది కాదు. నా డబ్బాలోది సగం ఇవ్వబోతే, “తిన్నానప్పా, నువ్వు తిను,” అనేది. తినలేదని ఇద్దరికీ తెలుసు.

ఏడో ఇంటి నుంచి వచ్చిన రోజు, “నా చేతిలో కళ ఉండాదని రాసినారు కదా. ఎవురికీ ఆ కళ కావద్దా?” అని అడిగింది. నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆ వారమే మిసెస్ రోజారియో తిరిగి వచ్చింది. పుస్తకం తిరగేస్తూ ఏడుసార్లు వెనక్కి వచ్చిన పేరు చూసి మునెమ్మ చీటీ తెప్పించుకుంది. చదివి, కళ్ళద్దాలు తీసి, “ఈమెకు ఇందులో ఏముందని చెప్పావు?” అని నన్నడిగింది.

చెప్పాను.

ఆవిడ నిఘంటువు నా వైపు తోసింది. నేను తెరిచి చూశాను. ఆర్ట్‌ఫుల్ అంటే జిత్తులమారి. మాయమాటలతో, దొంగచాటుగా తనకు కావలసింది సాధించుకునే మనిషి. ఏడు ఇళ్ళల్లో మునెమ్మ ఆ కాగితాన్నే మొట్టమొదట తీసి ఇచ్చింది, అందులో తన గొప్పతనం ఉందని నేను చెప్పినందుకు.

ఎవరు చెప్పాలి

నాకు మొదట తట్టింది ఆ చీటీని మాయం చేయడం. తడిసిపోయిందని చెప్పవచ్చు, ఎలకలు కొరికాయని చెప్పవచ్చు. మిసెస్ రోజారియో నా ముఖంలోనే అది చదివినట్టుంది.

“ఆ కాగితం ఆమెది, నీది కాదు. అది పోతే ఈ మూడేళ్ళు ఎక్కడున్నావని అడుగుతారు, అదింకా చెడ్డ. ఉంటే ఎవరూ పెట్టుకోరు. నేను చెప్పిన రెండు మాటల్లో ఇది ఏదో ఇప్పుడు చెప్పు.”

“ప్రెడికమెంట్,” అన్నాను.

“ఆమెకు. నీది మాత్రం స్క్రేప్. నువ్వు తెచ్చుకున్నది. వెళ్ళి చెప్పు.”

మీకు నిజం చెప్తాను. ఆ గదిలోంచి వరండాకు పది అడుగులు. అంతకంటే కష్టమైన పది అడుగులు నా ఉద్యోగంలో మళ్ళీ నడవలేదు. మునెమ్మను పక్కకు పిలిచి, తోటలో గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. నాకు ఆ మాట సరిగ్గా రాదని, తెలుసనుకుని తప్పు చెప్పానని, అందువల్లే ఏడిళ్ళు తిరగవలసి వచ్చిందని.

ఆమె నా వైపు తిరిగింది. “అంటే ఏమి ఆ మాటకి? మన మాటలో చెప్పు.”

“జిత్తులమారి.”

నన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, “నువ్వు చెప్పినప్పుడు ఎంత సంతోషపడితినో,” అంది. ఆ ఒక్క మాట చాలు నాకు. తర్వాత కాసేపటికి, “ఆయమ్మ రాసింది అబద్ధం కాదప్పా. జిత్తు చేసింది నిజమే,” అంది.

అప్పుడు జరిగింది చెప్పింది. కెప్టెను భార్య ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకం ప్రకారం పిల్లలకు తిండి పెట్టించేది. గంట కొట్టినట్టు వేళకు, ఉడకబెట్టి మెదిపిన కూరలు, పాలు. పెద్దబిడ్డ నోట్లో పెట్టుకోగానే ఉమ్మేసేవాడు. రోజురోజుకూ చిక్కిపోయాడు. ఇంకేదైనా పెడదామని మునెమ్మ రెండుసార్లు అడిగింది. పుస్తకంలో లేనిది పెట్టవద్దని దొరసాని గట్టిగా చెప్పింది.

“బిడ్డ ఎముకలు లెక్క పెట్టొచ్చు అట్ల అయినాడు. నాకు బేజారయిపోయినాది. షికారుకి తీసుకుపోతానని చెప్పి, వెనకాల నా గదికి తీసుకుపోయి, రాగి అంబలిలో మజ్జిగ పోసి తాపిస్తిని. దినమూ తాపిస్తిని. నాలుగు నెలలు. బిడ్డ బుగ్గలు వచ్చినాయి. దొరసాని తన పుస్తకం మహిమ అని అందురికీ చెప్పుకొనె. నేను నోరు మూసుకోని సుమ్మనే ఉంటిని.”

“మరి ఎలా తెలిసింది?”

“వాడే చెప్పేసినాడు. ఇంట్లో పెద్ద పెద్ద దొరలు భోజనానికి వచ్చుండారు. ఆయమ్మ వాళ్ళకి పుస్తకం సంగతి చెప్తా ఉండాది. వాడు వచ్చి అందురి ముందరా, మునెమ్మా, అంబలి కావాల, అనె. తెలుగులోనే.”

నాకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు. “ఆయమ్మకి ఎంత అవమానమో చూడు. చెప్పకుండా చేస్తిని కదా. రాయక ఏమి చేస్తాది?” అంది.

మూడు విశేషణాలు

లోపలికి వెళ్ళి మిసెస్ రోజారియోకు అంతా చెప్పాను. చీటీతో పాటు మునెమ్మ చెప్పినట్టుగా ఇంకో కాగితం జతచేయమంది. నేను కూర్చుని రాశాను. ‘ఎంతో ప్రేమ గల, విశ్వాసపాత్రురాలైన, త్యాగశీలి అయిన’ అంటూ మొదలుపెట్టాను. చేసిన తప్పును మంచి మాటలతో దిద్దుకోవాలన్న ఆత్రం.

ఆవిడ ఎర్రసిరా కలంతో ఆ మూడు మాటలూ కొట్టేసింది. “ఒక మాటకు ఎదురు ఇంకో మాట పెడితే ఎవరు నమ్ముతారు? ఆవిడ ఒకటి అంది, నువ్వు ఇంకోటి అన్నావు, అంతే కదా. ఆమె ఏం చేసిందో రాయి. మంచీ చెడ్డా చదివేవాళ్ళు తేల్చుకుంటారు.”

చివరికి మిగిలింది ఇంతే. పెద్ద అబ్బాయి తిండి మానేశాడు. రెండుసార్లు అడిగినా దొరసాని తిండి మార్చడానికి ఒప్పుకోలేదు. నేను ఆమెకు చెప్పకుండా నాలుగు నెలలు రోజూ రాగి అంబలి తాగించాను. అబ్బాయి కోలుకున్నాడు. విషయం బయటపడ్డాక చీటీలో ఆర్ట్‌ఫుల్ అని రాశారు. ఇది నేను చెప్పగా రాసినది. కింద మునెమ్మ వేలిముద్ర.

ఒక ప్రశ్న, ఒక జవాబు

మిలిటరీ ఆస్పత్రి డాక్టరు ఒకాయన భార్యకు ఆయా కావాలని కబురు వచ్చింది. నాలుగేళ్ళ కూతురు. పెద్ద జ్వరం వచ్చి లేచింది, ఇంకా నీరసంగానే ఉంది. దొరసానికి మన భాషలేవీ రావు కాబట్టి నన్ను తోడు వెళ్ళమంది మిసెస్ రోజారియో.

దొరసాని చీటీ చదివింది. జతచేసిన కాగితం చదివింది. మళ్ళీ చీటీ చదివింది. ఆ పాప కుర్చీలో దిండు ఆనుకుని మమ్మల్నే చూస్తోంది.

“ఈమెను ఒకటి అడుగు,” అంది నాతో. “నన్ను కూడా అలాగే మోసం చేస్తుందా?”

మునెమ్మకు చెప్పాను. ఆమె పాప వైపు చూసింది, దొరసాని వైపు చూసింది.

“బిడ్డ తినకుంటే, చెప్పినా ఆయమ్మ వినకుంటే, చేస్తాను. ముందర మాత్రం చెప్తాను. మూడుసార్లు చెప్తాను.”

నేను ఆగాను. దీన్ని ఎలాగైనా తిప్పి చెప్పవచ్చు. ఇక ఎప్పుడూ అలా చేయనంటోంది అమ్మా, అంటే చాలు, పని దొరికేస్తుంది. మునెమ్మకు తెలియదు, దొరసానికి తెలియదు. ఎనిమిదో ఇల్లు కూడా పోతే ఆమెకు హలసూరు పంచ కూడా ఎన్నాళ్ళుంటుందో తెలియదు. నోటిదాకా వచ్చింది. కానీ ఇంతకు ముందు ఒకసారి చీటీలో లేని మంచి మాట ఒకటి ఆమెకు చెప్పి ఉన్నాను. దాని ఫలం ఆమే అనుభవించింది.

అన్నదంతా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. చేస్తానంటోంది అన్నది మొదట చెప్పాను, మూడుసార్లు చెబుతానంటోంది అన్నది తర్వాత చెప్పాను.

దొరసాని ఆ రెండు కాగితాలూ మడిచింది. తర్వాత లేచి, పాప మీది దుప్పటి సరిచేస్తూ, “రేపు పొద్దున రమ్మను. గది ఎక్కడో మాలీ చూపిస్తాడు,” అంది.

బయటికి వచ్చాక మునెమ్మ గేటు దగ్గర ఆగింది. “నేను అన్నట్టే చెప్పినావా?” అని అడిగింది.

“అన్నట్టే చెప్పాను అక్కా.”

“సరి,” అంది.

దాని నుంచి నేను తీసుకున్నది

తర్వాత ఫ్యాక్టరీలో చేరాక నా ముందు ఎన్నో ఫారాలు వచ్చాయి. ఫోర్‌మన్లు పంపేవారు. ఇన్సొలెంట్, నెగ్లిజెంట్, ట్రబుల్‌సమ్. పొగరు, అశ్రద్ధ, తలనొప్పి మనిషి. నేను ఆ ఫారాలు వెనక్కి పంపి, ఏ రోజు, ఏం అన్నాడు, ఏ పని చేయలేదు అని అడిగేవాణ్ణి. నా పైఅధికారుల్లో ఇద్దరికి ఇది నచ్చలేదు. పని ఆలస్యమవుతుందన్నారు. అయ్యేది కూడా. కానీ సగం ఫారాలు తిరిగి వచ్చేవి కావు. జరిగింది రాయమంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు.

అలాగని చెడ్డ మాటలు నేర్చుకోవద్దని చెప్పడం లేదు. బాగా నేర్చుకోండి. ఎన్ని ఎక్కువ తెలిస్తే అంత తక్కువ అన్యాయం చేస్తారు. చేయవలసిన పనిని వదిలేయడం నెగ్లిజెన్స్, చేస్తూనే మనసు పెట్టకపోవడం కేర్‌లెస్‌నెస్. ఈ తేడా తెలియని ఆఫీసరు ఒకడు మా దగ్గర ఒక ఫిట్టరు ఇంక్రిమెంటు ఆపేశాడు. పొగడ్తలా వినిపించే తిట్లను ఇంకా జాగ్రత్తగా చూడండి. అఫీషియస్ అంటే ఆఫీసుకు పనికొచ్చేవాడు కాదు, అడగని చోట తల దూర్చేవాడు. ఇండిఫరెంట్ కుక్ అని రాస్తే వాడి వంట అంతంత మాత్రమని. నొటోరియస్ అంటే పేరున్నవాడే గానీ ఆ పేరు చెడ్డపేరు. మీకు తెలియని మాట మిమ్మల్ని నిఘంటువు దాకా తీసుకెళ్తుంది. తెలుసనుకున్నది తీసుకెళ్ళదు.

దొరలు వెళ్ళిపోతున్న రోజులు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది దండులో బంగళాలు ఒక్కొక్కటే ఖాళీ అవసాగాయి. మా వరండాలో బెంచీలు నిండిపోయాయి, కబుర్లు పంపే దొరసానులు తగ్గిపోయారు. ఇక రిజిస్ట్రీ ఎన్నాళ్ళో నడవదని మిసెస్ రోజారియోకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు పొద్దున మునెమ్మ వచ్చింది. డాక్టరు గారి కుటుంబం ముందురోజే రైలెక్కిందట. మునెమ్మ జుట్టు కొంచెం నెరిసింది గానీ మనిషి నిండుగా ఉంది. నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, “చదువప్పా. నిదానంగా చదువు,” అంది.

చదివాను. పాప ఆరోగ్యం గురించి, మునెమ్మ రాత్రింబవళ్ళు చేసిన సేవ గురించి రాసి ఉంది. చివరి వాక్యాల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇంపీరియస్. వినడానికి తెలిసినట్టే ఉంది. ఎంపైర్ లాంటిదేదో.

“అక్కా, ఒక మాట నాకు తెలియదు. చూసి చెప్తాను, కూర్చో,” అన్నాను.

ఆమె కూర్చుంది. నేను నిఘంటువు తీసి చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను.

“పిల్లల గదిలో నువ్వు అందరి మీదా రాజ్యం చేసినట్టు అధికారం చేస్తావని రాసింది. ఎదురు చెప్పనివ్వవని.”

“అది మంచిదా, చెడ్డదా?”

“చెడ్డ మాటే అక్కా. నిఘంటువులో చెడ్డగానే ఉంది. కానీ దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది. ఆమె అలా ఉన్నందుకు నేను ప్రతిరోజూ సంతోషించాను, అని రాసింది.”

మునెమ్మ ఆలోచించింది. మెల్లగా నవ్వింది. “వాళ్ళు రాజ్యం వదిలి పోతా ఉండారు. పోతా పోతా నన్ను రాణి అనేసి పోయినారా?”

పక్కగదిలోంచి మిసెస్ రోజారియో ఏమిటని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు.

ఇంకో బంగళాకు పేరు రాయమంటావా అని మునెమ్మను అడిగాను. వద్దంది. మాలూరులో చెల్లెలి కోడలికి కవలలు పుట్టారట, చూసుకునే దిక్కు లేదట. అక్కడికి పోతున్నానంది. వెళ్ళేముందు ఇంపీరియస్ అన్న మాటను నాతో రెండుసార్లు పలికించుకుంది. వరండాలోకి వెళ్ళగానే బెంచీ మీది ఆయాలు చుట్టూ చేరి, దొరసాని ఏమని రాసిందని అడిగారు. నేను లోపల కూర్చుని విన్నాను. ముందు చెడ్డ మాట చెప్పింది. దాని అర్థం చెప్పింది. ఆ తర్వాతే రెండో వాక్యం చెప్పింది.